పన్నెండు శాతం స్ప్రింగు

మార్చి 4

ఈ నెల ఇరవై అయిదో తేదీన ఒక కాగితం మీద నేను రెండోసారి సంతకం పెట్టాలి. అందుకే ఇది రాస్తున్నాను. మొదటిసారి పెట్టినప్పుడు అందులో ఉన్నది నిజమని నమ్మాను. ఈసారి పెట్టేలోగా నాకేం జరుగుతుందో ఎక్కడో ఒకచోట రాసి పెట్టుకోవాలి. ఆఫీసు రిజిస్టరు దానికి పనికిరాదు. అందులో తేదీ, కారు నంబరు, రౌండు సమయం, రిమార్కులు, అంతే. రిమార్కుల గడి బొటనవేలి గోరంత ఉంటుంది. "సరే" అని తప్ప ఇంకో మాట పట్టదు. ఆ గడి కొలత నిర్ణయించినవాళ్ళు చాలా ముందుచూపు ఉన్నవాళ్ళు.

జరిగింది చిన్న విషయమే. మా బొమ్మ కార్ల స్ప్రింగు కిట్టు కొనబోయే బొమ్మల దుకాణాల కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. వాళ్ళ నాణ్యతాధికారిణి రాసింది. "మీ పరీక్షను రెండు రకాల ట్రాకుల మీద మళ్ళీ చేసి, అన్ని రౌండ్ల సమయాలూ జతచేసి, పరీక్షించినవారి సంతకంతో 25వ తేదీకి పంపండి." పరీక్షించినవారు అంటే నేను.

ఎవరైనా రెండోసారి అడిగితే మొదటిసారి చెప్పింది తప్పేమో అనిపించే జబ్బు నాకు బళ్ళోనే పట్టుకుంది. టీచరు "మళ్ళీ చెప్పు" అంటే సరైన జవాబు కూడా మార్చేసేదాన్ని. ఇప్పుడు మార్చను. స్ప్రింగుతో లాభం పన్నెండు శాతం అని రాశాను. పన్నెండు శాతం అంటే పన్నెండు శాతమే.

మార్చి 5

పొద్దున అమ్మ టిఫిను డబ్బా కడుతూ అడిగింది. "ఇంతకీ నీ పనేమిటే? లాండ్రీలో అందరూ అడుగుతున్నారు. మా అమ్మాయి కార్ల కంపెనీలో ఇంజనీరు అని చెప్పాను. ఏ కారు అంటే ఏం చెప్పను?"

అమ్మ ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెడుతుంది. అక్కడ అబద్ధం నిలవదు. పదిహేను మంది ఆడవాళ్ళు ఎదురెదురుగా నిలబడి రోజంతా ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ ఉంటారు.

"బొమ్మ కార్లమ్మా. స్లాట్ కార్లంటారు. అరచేతిలో పడతాయి. ట్రాకులో సన్నటి గాడి ఉంటుంది. కారు కింద ఒక పుల్ల ఆ గాడిలో దిగుతుంది. గాడికి రెండు పక్కలా రేకు పట్టీల్లో కరెంటు వస్తుంది. చేతిలో మీట ఉంటుంది. నొక్కితే పరిగెడుతుంది, వదిలితే ఆగుతుంది. స్టీరింగు ఉండదు."

"తిప్పే పనే లేకపోతే నడిపేవాడు చేసేదేముంది?"

"ఎప్పుడు వదలాలో తెలియాలి. మలుపులో వదలకపోతే ఎగిరి బయట పడుతుంది."

అమ్మ డబ్బా మూత నొక్కి నా మొహంలోకి చూసింది. "దీనికా పదహారేళ్ళు చదివావు?"

లెక్క సరిగ్గా చెప్పింది. మా ఇంట్లో బడికి వెళ్ళింది నేనొక్కదాన్నే. లెక్క తప్పడానికి పక్కన ఇంకెవరూ లేరు.

మార్చి 6

అమ్మకాల మేనేజరు పరీక్షల గదికి స్వయంగా వచ్చాడు. ఇరుకుగదుల్లోకి ఆయన రాడు. చొక్కా ఇస్త్రీ నలుగుతుంది. అయినా వచ్చాడంటే విషయం ఎంత చిన్నదో అర్థమైంది.

"ఇదొక ఫార్మాలిటీ అమ్మాయ్. సరుకు ఇరవై ఆరున వెళ్ళిపోవాలి. అట్టపెట్టెలు అచ్చయిపోయాయి."

పెట్టె చూపించాడు. ఎర్రటి అక్షరాలు. "స్ప్రింగు సస్పెన్షన్. 12% ఎక్కువ వేగం. పరీక్షించి నిరూపించినది." నిరూపించినది నేను. పెట్టె మీద నా బొమ్మ వెయ్యలేదు, అంతవరకు నయం.

"సార్, నా నివేదికలో ఉన్నది రౌండు సమయం పన్నెండు శాతం తగ్గిందని. సమయం అంత తగ్గితే వేగం పదమూడున్నర శాతం పెరిగినట్టు."

ఆయన కాసేపు ఆలోచించాడు. "వద్దులే. మనం వినయంగా ఉందాం."

మార్చి 7

వేలుమామ సెలవులో ఉన్నాడు. కంటి శుక్లం ఆపరేషను. పన్నెండో తేదీ దాకా రాడు.

ఆయన లేకుండా ఆ గదిలో నేనొక్కదాన్నే కూర్చోవడం ఇదే మొదటిసారి. ఇరవై ఆరేళ్ళు లేత్ మిషను మీద పనిచేసి రిటైరయ్యాక, వేలు స్థిరం చూసి ఆయన్ని పరీక్షల గదిలో కూర్చోబెట్టారు. కారు మలుపులోకి వస్తుంటే ఆ చూపుడువేలు మీట మీద వెంట్రుకవాసి కదులుతుంది. వెయ్యి రౌండ్లు నడిపినా ఒకేలా నడుపుతాడు. అందరికీ వేలుమామే. నన్ను ఇక్కడ స్టాప్‌వాచ్ అంటారు. ఆయన మాత్రం తల్లీ అంటాడు.

ఆయన లేడు కాబట్టి నేనే నడిపాను. ప్లాస్టిక్ ముక్కలు అతికించిన ట్రాకు మీద యాభై రౌండ్లు స్ప్రింగులు లేకుండా, యాభై స్ప్రింగులతో. పాత నివేదిక కూడా ఆ ట్రాకు మీదదే, పిల్లల ఇళ్ళల్లో ఉండేది అదే కాబట్టి.

లేకుండా 7.62 సెకన్లు. స్ప్రింగులతో 7.61.

నాకు నడపడం చేతకాదు. అంతే.

మార్చి 8

ఇవాళ మూడు వందల రౌండ్లు. చెక్క ట్రాకు మీద కూడా నడిపాను. అది నున్నగా, ఒక్క అతుకు లేకుండా ఉంటుంది. అక్కడ స్ప్రింగులతో ఒక పిసరు ఎక్కువ సమయమే పట్టింది.

కారణాలు రాసుకున్నాను. నా వేలు. కరెంటు హెచ్చుతగ్గులు. గాలిలో తేమ. తేమ మంచి కారణం. దాని తరఫున ఎవరూ వచ్చి కాదనరు.

మార్చి 9

ఆదివారం. దీని గురించి ఆలోచించలేదు. పొద్దున ఆలోచించలేదు, మధ్యాహ్నం ఆలోచించలేదు, బట్టలు ఆరేస్తూ కూడా ఆలోచించలేదు.

మార్చి 10

నాన్న వ్యానులో పనికి వెళ్ళాను. ఆయన సరుకుల వ్యాను నడుపుతాడు. పొద్దున ఖాళీగా గోడౌనుకు వెళ్తూ నన్ను ఫ్యాక్టరీ గేటు దగ్గర దింపుతాడు. ఖాళీ వ్యాను ప్రతి గుంతకీ ఎగురుతోంది. నా తల రెండుసార్లు పైకప్పుకి తగిలింది.

"స్ప్రింగులు పోయాయా నాన్నా?"

"స్ప్రింగులు బ్రహ్మాండంగా ఉన్నాయి. బరువు లేదు. టన్ను సరుకు వేస్తే చూడు, ఉయ్యాల. స్ప్రింగుకి పని చెప్పేది బరువమ్మా. ఖాళీ బండికి అది ఇనపకడ్డీయే." గేరు మార్చి అడిగాడు. "మీ కారు ఎంత బరువుంటుంది?"

"ఎనభై గ్రాములు."

నాన్న నవ్వడం మొదలుపెట్టి రెండు సిగ్నళ్ళు దాటేదాకా ఆపలేదు. "ఎనభై గ్రాములకి స్ప్రింగంటే ఈగ వాలినా వంగాలి. మీది వంగుతోందా?"

"చూస్తా."

"పరీక్ష చేశావుగా. గోడ మీద ఉందిగా."

గోడ మీద ఉంది. మా ముందుగదిలో అద్దం పక్కన, ఫ్రేము కట్టించి. నా మొదటి నివేదిక. నేను పర్మనెంటు అయింది దానితోనే. నాన్నకి చదవడం రాదు. ఇంటికి వచ్చినవాళ్ళకి చూపించి, నాతో చదివిస్తాడు. కరెంటు మీటరు చూడడానికి వచ్చినాయన కూడా పూర్తిగా విని వెళ్ళాడు.

గదిలోకి వెళ్ళగానే కారు తిరగేసి చూశాను. మోటారు, వెనక చక్రాలు ఒక చిన్న తొట్టిలో కూర్చుంటాయి. ఆ తొట్టిని నాలుగు స్క్రూలతో కారు అడుగుకి బిగిస్తాం. మా స్ప్రింగులు ఆ స్క్రూల మీదే ఎక్కుతాయి. పెన్నులో ఉండే స్ప్రింగుకన్నా చిన్నవి. కారు మీద వేలు పెట్టి నొక్కాను. తొట్టి కదల్లేదు. గట్టిగా నొక్కాను. నా గోరు వంగింది.

తర్వాత స్ప్రింగులన్నీ పీకేసి, నాలుగు స్క్రూలూ అర మలుపు వదులు చేసి నడిపాను. తొట్టి కొంచెం అటూ ఇటూ ఊగుతుంది, అతుకుల మీద చక్రం నేలని వదలదు. ప్లాస్టిక్ ట్రాకు మీద 7.49. చెక్క ట్రాకు మీద ఏ తేడా లేదు. మళ్ళీ స్ప్రింగులు ఎక్కించి, స్క్రూలు అర మలుపు వదులు చేస్తే కూడా 7.49.

అంటే లాభం ఉంది. చిన్నదే. అది స్ప్రింగుది కాదు, స్క్రూడ్రైవరుది.

మార్చి 11

మేనేజరుకి చెప్పాను. నిలబడే చెప్పాను. ఆయన గదిలో రెండో కుర్చీ మీద ఎప్పుడూ పెట్టెలుంటాయి.

"అంటే స్క్రూ వదులు చేస్తే చాలంటావ్."

"అతుకులున్న ట్రాకు మీద చాలు సార్. అదీ రెండు శాతం లోపే."

"సరే. ఈ అర మలుపుని ఏ సైజు డబ్బాలో పెట్టాలమ్మా?"

నేను కుర్చీ మీది పెట్టెల వంక చూశాను.

"దానికి ధర ఎంత వేద్దాం? లోపల ఏముందని పిల్లాడు తెరిచి చూస్తే ఏం కనపడాలి?" కాసేపు పెన్ను తిప్పాడు. "మొదట పన్నెండు వచ్చింది. ఇప్పుడు రాలేదు. మధ్యలో ఏం మారింది? నడిపిన మనిషి మారాడు. ఆ మామని రానీ. చూద్దాం."

న్యాయంగానే మాట్లాడాడు. ఆయన న్యాయంగా మాట్లాడితే నాకు నచ్చదు.

మార్చి 12

వేలుమామ వచ్చాడు. నల్ల కళ్ళజోడు పెట్టుకుని మంత్రిగారిలా ఉన్నాడు. వచ్చీరాగానే మధ్యాహ్నం భోజనం ముందు స్ప్రింగులు లేని కారు, భోజనం తర్వాత స్ప్రింగులది నడిపాడు.

లేకుండా 7.40. స్ప్రింగులతో 6.51.

పన్నెండు శాతం. చుక్క తేడా లేకుండా తిరిగి వచ్చింది. "స్ప్రింగు మలుపులో భలే పట్టుకుంటోంది తల్లీ" అన్నాడు మామ.

నేను అనవసరంగా భయపడ్డాను. నాన్న వ్యాను గురించి చెప్పాడు, వ్యాను వేరు. నొక్కితే గోరు వంగింది, నా గోరు మెత్తన. స్ప్రింగు గుణం మంచి చేతిలోనే తెలుస్తుంది. ఇక ఈ నోటుబుక్కుతో పనిలేదు. ఆపేస్తున్నాను.

మార్చి 13

ఆపలేదు.

ఇవాళ రిజిస్టరు నింపుతున్నట్టు కూర్చుని మామనే చూశాను. భోజనం ముందు స్ప్రింగులు లేని కారు అరలోంచి తీసి నేరుగా ట్రాకు మీద పెట్టాడు. భోజనం అయ్యాక స్ప్రింగుల కారు తీసుకున్నాడు. చొక్కా జేబులోంచి గమ్ టేపు బయటికి తీశాడు. ఒక జానెడు చింపి, జిగురు పైకి వచ్చేలా బల్ల మీద పరిచాడు. దాని మీద కారు వెనక చక్రాలు మెల్లగా దొర్లించాడు. టేపు నల్లబడింది. ఇంకో జానెడు చింపాడు. మళ్ళీ దొర్లించాడు. రెండో ముక్క తెల్లగానే ఉంది. అప్పుడు కారుని ట్రాకు మీద పెట్టాడు.

"ఏం చేస్తున్నారు మామా?"

"కాళ్ళు కడుగుతున్నా."

"ఎవరికి?"

"దీనికే. దుమ్ము పడితే రబ్బరు జారుతుంది."

"పొద్దున దానికి కడగలేదే."

"దానికెందుకు? అది పాత మోడలు. ఎలా నడిస్తే అలా నడుస్తుంది." కారుని అరచేతిలో తిప్పి చూసుకున్నాడు. "ఇది నీ కారు."

"మొదటి పరీక్షలో కూడా ఇలాగే చేశారా?"

"అసలు అప్పుడే కదా చెయ్యాలి. నువ్వు వచ్చి నెల కాలేదు. ఆ గడియారం పట్టుకుని చెయ్యి వణుకుతూ నిలబడ్డావు. మీ ఇంట్లో చదివింది నువ్వొక్కదానివేనని ఎవరో చెప్పారు. నీ మొదటి పనికి దుమ్ముకాళ్ళతో పంపిస్తానా?"

"నాకు చెప్పలేదేం?"

"చెప్పుకుంటే అదేం మర్యాద తల్లీ."

ఆయన మీట నొక్కాడు. కారు వెళ్ళింది. 6.52. నేను రిజిస్టరులో రాశాను. రిమార్కుల గడిలో ఏం రాయాలో తెలియక వదిలేశాను. మొదటిసారి అది ఖాళీగా ఉంది.

మార్చి 14

రెండు కార్ల చక్రాలూ టేపు మీద దొర్లించి, ఒకదాని తర్వాత ఒకటి మార్చి మార్చి మామతోనే నడిపించాను. నాలుగు వందల రౌండ్లు. స్ప్రింగులు లేనిది 6.52. స్ప్రింగులది 6.51. తర్వాత రెండిటినీ దుమ్ముతోనే నడిపించాను. రెండూ 7.40 దగ్గరే.

మా కంపెనీ కనిపెట్టిన కొత్త సస్పెన్షన్ గమ్ టేపు. అది ప్రతి స్టేషనరీ దుకాణంలో దొరుకుతుంది.

అంకెలు కూడుతుంటే మామ నా భుజం మీదుగా చూస్తున్నాడు. ఆయన ఎనిమిదో తరగతిలో బడి మానేశాడు గానీ, లేత్ మీద పనిచేసినవాడు అంకె చూడగానే మనసులో కొలుస్తాడు. నేను ఏమీ చెప్పకముందే మీట బల్ల మీద పెట్టేశాడు.

"అంటే నా వల్లా?"

"కాదు మామా."

"ఏమిటి కాదు? పాతదానికి దుమ్ము, కొత్తదానికి కడుగు. చిన్నపిల్లాడు కూడా పట్టుకుంటాడు." కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "నా పేరు రాసెయ్. నాదెలాగూ ఏడాదికో కాగితం. ఏప్రిల్లో మళ్ళీ ఇస్తే ఇస్తారు, లేకపోతే ఇంట్లో కూర్చుంటా. నీది ఇప్పుడే మొదలు."

ఇంట్లో కూర్చుంటే ఆయన ఏం చేస్తాడో నాకు తెలుసు. ఆపరేషను సెలవులో నాలుగు రోజులు కూర్చున్నాడు. ఐదో రోజు వాళ్ళావిడ ఫోను చేసి, ఈయన్ని ఎప్పుడు పంపమంటారని అడిగింది.

మార్చి 15

మేనేజరుకి మొత్తం చెప్పాను. టేపు సంగతి చెప్పాను, ఎవరు దొర్లించారో చెప్పలేదు. తిడతాడనుకున్నాను. ఆయన కళ్ళు మెరిశాయి.

"అయితే ప్రతి డబ్బాలో ఒక టేపు ముక్క పెడదాం."

"సార్?"

"కిట్టులో స్ప్రింగులు ఉంటాయి, టేపు ఉంటుంది. కిట్టు కొన్నవాడు చక్రాలు తుడుచుకుంటాడు, స్ప్రింగులు బిగించుకుంటాడు. పన్నెండు శాతం వస్తుందా, రాదా?"

"వస్తుంది."

"మరి అబద్ధమెక్కడుంది? పెట్టె మీద అక్షరం మార్చక్కర్లేదు. ఇరవై అయిదున నువ్వు హాయిగా సంతకం పెట్టొచ్చు. తెలివైనదానివి, ఆలోచించుకో."

ఆలోచించాను. అబద్ధమెక్కడుందో మధ్యాహ్నమంతా వెతికాను. కిట్టు వల్ల పన్నెండు శాతం, నిజమే. కిట్టులో స్ప్రింగులున్నాయి, నిజమే. పరీక్షించాం, నిజమే. ఒక్కో ముక్కా విడిగా తీస్తే అన్నీ నిజాలే. మామ ఉద్యోగం నిలుస్తుంది. నా ఉద్యోగం నిలుస్తుంది. ఫ్రేము గోడ మీద నిలుస్తుంది. పిల్లలు కూడా సంతోషిస్తారు. మేనేజరు మేధావి. ఇన్నాళ్ళూ చొక్కా ఇస్త్రీ మాత్రమే చూశాను.

సంతకం పెట్టేస్తాను. ఇది చిన్న విషయం.

మార్చి 16

ఆదివారం. నాన్న స్నేహితుడు, ఇంకో వ్యాను డ్రైవరు, టీ తాగడానికి వచ్చాడు. కప్పు కింద పెట్టకముందే నాన్న ఆయన్ని గోడ దగ్గరికి తీసుకెళ్ళాడు. "మా అమ్మాయి రాసింది. చదవమ్మా."

నేను నిలబడి చదివాను. ఎన్నోసారో తెలియదు. "పరీక్ష ఉద్దేశం. వాడిన కార్లు. వాడిన ట్రాకు. నడిపిన రౌండ్లు రెండు వందలు. దీని ఆధారంగా తదుపరి పరీక్షలు సిఫారసు చేయడమైనది. సంతకం."

వచ్చినాయన తల ఊపి, "చాలా పెద్ద పని" అన్నాడు.

నాన్న ఊపలేదు. "ఒక ముక్క వదిలేశావు."

"లేదు నాన్నా."

"నడిపిన రౌండ్లు రెండు వందలు. తర్వాత 'స్ప్రింగు సస్పెన్షన్ వల్ల రౌండు సమయం పన్నెండు శాతం తగ్గినట్టు నిర్ధారణ అయినది.' తర్వాత దీని ఆధారంగా." ఎక్కడా తడబడకుండా చెప్పాడు. వేలు సరిగ్గా ఆ వరుస మీదే పెట్టాడు. ఆ వరుస అక్కడుందని ఆయనకి ఎలా తెలుసో నాకు తెలియదు. నేను చదివేటప్పుడు నా చూపు ఎక్కడుందో ఇన్నాళ్ళూ చూస్తూ ఉండి ఉంటాడు.

స్నేహితుడు వెళ్ళాక చెప్పాను. దుమ్ము, టేపు, మామ, డబ్బాలు, అన్నీ. అమ్మ కూడా వంటింటి గుమ్మంలో నిలబడి వింది.

నాన్న చాలాసేపు వ్యాను తాళాలు చేతిలో తిప్పాడు. "స్ప్రింగు వంగడం లేదుగా?"

"వంగడం లేదు."

"నేను చెప్పాను."

"చెప్పావు."

"మరి ఆ మేనేజరు డబ్బాలో స్ప్రింగు ఎందుకు పెడుతున్నాడు? టేపు చాలుగా."

నిన్న మధ్యాహ్నమంతా వెతికినది నాన్న ఒక్క ప్రశ్నలో పట్టుకున్నాడు. కిట్టులోంచి టేపు తీసేస్తే ఏమీ మిగలదు. స్ప్రింగులు తీసేస్తే ఏమీ తగ్గదు. కానీ పెట్టె మీద రాసేది స్ప్రింగు పేరు.

అమ్మ వంటింట్లోంచి అంది. "ఇప్పుడు లాండ్రీలో నేనేం చెప్పాలి? ఇంజనీరు కాదని చెప్పాలా?"

"ఇంజనీరేనమ్మా. తప్పు పట్టుకున్నాను."

"ఎవరి తప్పు?"

"నాదే."

"చెప్పుకోవడానికి ఎంత బాగుందో" అని అమ్మ గిన్నెలు సర్దడానికి వెళ్ళిపోయింది. కాసేపటికి లోపల్నుంచే అడిగింది. "ఉద్యోగం పోతుందా?"

"తెలియదు."

గిన్నెల చప్పుడు ఆగింది. మళ్ళీ మొదలైంది.

మార్చి 17

కంపెనీ యజమానికి రాయాలి. మేనేజరుకి నోటితో చెప్పినవన్నీ ఆ గది దాటి వెళ్ళలేదు.

మొదటి చిత్తుప్రతి నాలుగు పేజీలు వచ్చింది. అందులో తేమ కూడా ఉంది. చింపేశాను. రెండోది ఒకటిన్నర పేజీ. అందులో "విధి నిర్వహణలో భాగంగా" అని ఆరుసార్లు వచ్చింది. అదీ చింపాను.

మధ్యాహ్నం మామ పక్కకి వచ్చి కూర్చున్నాడు. "నా పేరు రాశావా?"

"లేదు."

"అయితే అది అబద్ధం కాదా? మేనేజరు ముక్కలు ముక్కలు చేసి చెప్పాడన్నావు. నువ్వు చేస్తున్నదేమిటి?"

ఇది నేనూ ఆలోచించుకున్నాను. అరలోంచి నా పరీక్ష పద్ధతి కాగితం తీసి ఆయనకి వినిపించాను. ముప్ఫై రెండు వరుసలు. కారు ఎక్కడ ఆపాలి, గడియారం ఎవరు పట్టుకోవాలి, రిజిస్టరు ఏ రంగు సిరాతో నింపాలి, అన్నీ ఉన్నాయి. చక్రాలు తుడవాలని లేదు, తుడవొద్దనీ లేదు. ఏ కారు ముందు, ఏది తర్వాత అన్నదీ లేదు.

"ఈ కాగితం ఎవరు రాశారు మామా?"

"నువ్వే."

"నీలం సిరా గుర్తుంది. దుమ్ము గుర్తులేదు. చేతిలో పెట్టిన కారుని మీరు మంచిగా చూసుకున్నారు. ఎలా చూసుకోవాలో చెప్పాల్సిన పని నాది. అదే రాస్తాను."

ఆయన ఒప్పుకోలేదు. కాసేపు గొణిగాడు. తర్వాత కాగితం తీసుకుని, నాలుగో వరుస కింద ఉన్న ఖాళీ చూపించాడు. "ఇక్కడ రాయి. రెండు కార్లకీ ఒకేలా కాళ్ళు కడగాలి అని." నేను "చక్రాలు శుభ్రం చేయాలి" అని రాశాను. ఆయనకి నచ్చలేదు.

మార్చి 18

పొద్దున పదింటికి యజమాని ఆఫీసులో ఇచ్చి, అందినట్టు నకలు మీద ముద్ర వేయించుకున్నాను. ముద్ర వేసే గుమాస్తా పూర్తిగా చదివి, "నిజంగానే ఇవ్వమంటావా?" అని అడిగాడు. ఇవ్వమన్నాను.

నకలు ఇక్కడ రాసుకుంటున్నాను.

అయ్యా,

మన స్ప్రింగు సస్పెన్షన్ కిట్టు మీద నేను సంతకం చేసిన మొదటి నివేదిక తప్పు. ఆ పరీక్షలో స్ప్రింగులున్న కారు చక్రాలు శుభ్రంగా ఉన్నాయి, లేని కారు చక్రాలకి దుమ్ము ఉంది. పరీక్ష పద్ధతి రాసింది నేను. అందులో చక్రాల గురించి ఏమీ రాయలేదు. తప్పు అక్కడ జరిగింది.

రెండు కార్ల చక్రాలూ ఒకేలా శుభ్రం చేసి, మార్చి మార్చి నాలుగు వందల రౌండ్లు నడిపిస్తే, స్ప్రింగులు లేకుండా 6.52 సెకన్లు, స్ప్రింగులతో 6.51 సెకన్లు వచ్చాయి. ఇది తేడా కాదు. మన స్ప్రింగులు ఈ కారు బరువుకి వంగవు. అతుకులున్న ట్రాకు మీద నాలుగు స్క్రూలు అర మలుపు వదులు చేస్తే రెండు శాతం లోపు మేలు కనిపిస్తుంది. దానికి స్ప్రింగులు అక్కర్లేదు. నున్నటి ట్రాకు మీద ఆ మేలు కూడా లేదు. అన్ని రౌండ్ల సమయాలూ జతచేశాను.

డబ్బాలో టేపు ముక్క పెడితే పెట్టె మీది మాట నిజమవుతుందని ఒక సూచన వచ్చింది. కాదు. టేపు వల్ల వచ్చినదాన్ని స్ప్రింగు పేరుతో అమ్మినట్టు అవుతుంది. పెట్టెల మీద ఆ వరుస కనపడకుండా కాగితం అతికించాలని, ఈ బరువుకి వంగే మెత్తటి స్ప్రింగులు తయారు చేయడానికి నాకూ పరీక్షల గది డ్రైవరుకీ రెండు నెలలు సమయం ఇవ్వాలని కోరుతున్నాను. ఆయన చెయ్యి లేకుండా ఆ పని జరగదు.

25వ తేదీన కొనుగోలుదారుకి పంపే కాగితం మీద నేను సంతకం పెట్టేది ఈ ఫలితాల మీదే. వేరే అంకెల మీద పెట్టలేను. నా సంతకం లేకుండా పంపదలచుకుంటే అది మీ ఇష్టం. అయితే ఆ సంగతి నాకు ముందుగా తెలియాలి. మొదటి నివేదిక తప్పని వాళ్ళకి నేనే విడిగా రాయాల్సి ఉంటుంది.

కాబట్టి మీ నిర్ణయం ఏదైనా, ఈ నెల 24వ తేదీ సోమవారం సాయంత్రం అయిదు గంటల లోపు నాకు రాతపూర్వకంగా తెలియజేయవలసిందిగా కోరుతున్నాను.